ఇంటిల్లిపాదికీ ఒకటే కార్డు

పోయిన వారం షార్జాలో, రోలా దగ్గర ఒక క్లినిక్ కౌంటర్ ముందు నిలబడ్డాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా చేతిలోంచి ఎమిరేట్స్ ఐడీ తీసుకుని ఒకసారి కార్డు వంక, ఒకసారి నా మొహం వంక చూసింది. అది నా కార్డే. దాని మీద ఉన్న ఫొటో నాదే. అయినా మాస్కు కోసం చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్ళింది.

ఇన్నేళ్ళూ వేరే మనిషి కార్డు మీద మందులు తెచ్చుకున్నదాన్ని, ఆ భయం అంత తొందరగా పోదు. ఆ వేరే మనిషి ఊళ్ళో కన్నుమూసి నెల కావస్తోంది. ఆవిడ పేరు రాయను. రాస్తే ఎవరికి ఏం ముంచుకొస్తుందోనని ఇప్పటికీ భయమే. ఎలాగూ మా ఫ్లాట్లో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆశా అక్క అనేవాళ్ళం.

ఆవిడది కోనసీమలో ఒక లంక ఊరు. అక్కడ చాలా కాలం ఆశా కార్యకర్తగా చేసింది. గర్భిణులని ఆస్పత్రికి తీసుకుపోవడం, పిల్లలకి టీకాలు వేయించడం, డ్వాక్రా మీటింగుల్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఏ జబ్బుకి ఏ గుర్తో చెప్పడం, సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డులు ఇంటింటికీ పంచడం, ఇదీ పని. తర్వాత దుబాయ్ వచ్చి ఖుసైస్‌లో ఒక నర్సరీ స్కూల్లో ఆయాగా చేరింది. పడక మాత్రం రోలాలో మా ఫ్లాట్లోనే, కిటికీ పక్క కింది బెడ్డు. ఒక్కో మంచం అద్దెకిచ్చే ఇలాంటి బెడ్‌స్పేసులో అందరూ మంచం చుట్టూ ఏదో ఒక తెర కట్టుకుంటారు. ఆవిడ కట్టుకున్న తెర పాత యూనిఫాం చీర. ఎవరినైనా ఆ చీర వెనక్కి పిలిచిందంటే ఏదో జబ్బు కనిపెట్టిందని అర్థం. పిలుపు రాకూడదని మేమంతా దణ్ణం పెట్టుకునేవాళ్ళం.

తిన్నావా, పడుకున్నావా అని ముందు అడిగే అలవాటు ఆవిడకి లేదు. నేను కాకినాడ నుంచి సూట్‌కేసు ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చిన రోజు, సూపర్‌మార్కెట్లో క్యాషియర్ ఉద్యోగానికి వచ్చానని చెప్పేలోపే, "నెలనెలా సరిగ్గా వత్తందా?" అంది. నేను తెల్లబోయాను. వెనక వంటింట్లో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. జవాబు చెప్పేదాకా సూట్‌కేసుకి దారి ఇవ్వలేదు.

ఇక్కడ మా అందరికీ ఆస్పత్రంటే హడలు. దానికో కారణం ఉంది. వీసా కొత్తదైనా, రెన్యువల్ అయినా మెడికల్ ఉంటుంది. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకైతే కడుపుతో ఉన్నారేమో కూడా చూస్తారు. అందులో ఏదైనా తేడా తేలితే ఉన్నపళాన ఇంటికి పంపేస్తారని మా నమ్మకం. అలా వెళ్ళిపోయినవాళ్ళ కథలు ప్రతి ఫ్లాట్లోనూ ఉన్నాయి. అందుకే తలనొప్పి వచ్చినా, కడుపునొప్పి వచ్చినా రక్తం ఇవ్వడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్ళు కాదు. సూది చూస్తే మాకు విమానం కనిపించేది.

ఆవిడకి ఈ భయం కొత్త కాదు. వాళ్ళ ఊళ్ళో ఒకావిడ నెలలు నిండాక అక్క వస్తోందని తెలిసి ధాన్యం గాదెలో దూరి కూర్చుందట. ఆస్పత్రికి పోతే కడుపు కోసేస్తారని ఎవరో చెప్పారట.

"గాదె పక్కనే కూకుని పొద్దుగూకేదాకా కబుర్లు సెప్పేను," అనేది అక్క. "బయపడకు అనలేదే నేను. అలాగంటే ఎవరికి మాత్రం తగ్గుద్ది? బయపడితే బయపడు, నడుత్తా బయపడు అన్నాను. బైటికొచ్చింది. నూట ఎనిమిది బండి దాకా నా సెయ్యి పట్టుకుని ఏడుత్తానే నడిసింది. పండంటి పిల్ల."

ఈ మాట మాకు రోజూ పాఠం. లిఫ్టులో, బస్టాపులో, మెడికల్ సెంటర్ వరండాలో ఎవరి కాళ్ళు ఆగినా వెనక నుంచి వినిపించేది. నడుత్తా బయపడు.

ఆవిడ వీసా దుబాయ్‌ది కాబట్టి ఆవిడకి ఇన్సూరెన్సు ఉంది. షార్జా, అజ్మాన్ వీసాల మీద ఉన్న మాలాంటివాళ్ళకి అప్పట్లో లేదు. కరోనా రోజుల్లో నాకు జ్వరం వచ్చి దగ్గు ఎంతకీ తగ్గకపోతే, చీర పక్కకి తప్పించి తన బతాకా నా చేతిలో పెట్టింది. ఎమిరేట్స్ ఐడీని ఇక్కడ మనవాళ్ళంతా బతాకా అంటారు. ఇన్సూరెన్సుకి కూడా అదే చూపించాలి.

"అక్కా, ఇది తప్పు కదా," అన్నాను.

"తప్పేటి? మా ఊళ్ళో సర్కారోరి కార్డు ఇంటిల్లిపాదికీ ఒకటే. నా సేత్తో పంచేను. మొగుడికీ అదే, అత్తకీ అదే, పిల్లలకీ అదే. మరిది ఇల్లు కాదా? ఒక పొయ్యి మీదే గదా వండుకుంటన్నాం."

బతాకా తీసుకున్నాను. జ్వరంలో ఉన్న మనిషికి ఏ కారణమైనా సరైనదిగానే కనిపిస్తుంది. పైగా అందరి మొహాలకీ మాస్కులు, తలకి చున్నీ. కళ్ళు మాత్రమే కనిపించే ఆ రోజుల్లో ఒక తెలుగు ఆడమనిషికీ ఇంకొక తెలుగు ఆడమనిషికీ తేడా ఎవరు చూశారు?

కానీ పంపే ముందు వంటింట్లో పరీక్ష ఉండేది. గ్యాస్ పొయ్యికి అవతల గరిటె పట్టుకుని అక్క నిలబడేది, కౌంటర్ పిల్లలాగా. ఇవతల మేము.

"నేమ్?"

అక్క పేరు చెప్పాలి.

"డేటాఫ్ బర్త్?"

జనవరి ఒకటి. ఆవిడ ఎప్పుడు పుట్టిందో వాళ్ళమ్మకే తెలియదు, ఆధార్ వాళ్ళు ఆ తారీఖు వేశారు. అదే పాస్‌పోర్టులోకి, అదే బతాకాలోకి వచ్చింది. కొత్త సంవత్సరం కేకు మీద ఆవిడ పేరు కూడా రాయించి, దేశమంతా నీ పుట్టినరోజుకి టపాకాయలు కాలుస్తోంది అక్కా అని ఆటపట్టించేవాళ్ళం. పరీక్షలో మాత్రం ఆటల్లేవు. తడబడితే గరిటె పొయ్యి గట్టు మీద టకీమని మోగేది. మళ్ళీ మొదటి నుంచి. నిద్రలో లేపి అడిగినా ఫ్లాట్లో ఆడవాళ్ళందరం జనవరి ఒకటి అనేంతగా వల్లె వేయించింది.

మాస్కులు పోయాయి. జనం మొహాలు బయటపడ్డాయి. మా ఫ్లాట్ వాళ్ళం మాత్రం క్లినిక్ మెట్లెక్కేటప్పుడు మాస్కు తియ్యలేదు. దుమ్ము పడదని ఒకరు, ఏసీ పడదని ఒకరు. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేవాళ్ళం. కౌంటర్ మీద ఫోన్ మోగితే మా గురించేననిపించేది.

ఆ రోజుల్లోనే జ్యోతి వచ్చి చేరింది. జగిత్యాల దగ్గరి ఊరు, నలభై ఏళ్ళు ఉంటాయేమో. అజ్మాన్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ, పడలేక కట్టుబట్టలతో బయటికొచ్చేసింది. పారిపోయిందని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫిర్యాదు పెట్టాడు. వీసా లేదు, బతాకా లేదు. అలాంటి మనిషిని ఉంచుకోవడానికి ఏ ఫ్లాట్ వాళ్ళూ ఒప్పుకోరు. మాలోనూ సగం మంది వద్దన్నారు. అక్క తన బెడ్డులో సగం ఇచ్చి, "మాటొత్తే నా మీదికి రానీండి," అంది. జ్యోతి ఉండిపోయింది.

జ్యోతికి పొత్తికడుపులో నొప్పి. ముడుచుకుపోయి పడుకునేది. అక్క చీర వెనక కూర్చోబెట్టి ఏవేవో అడిగి, బతాకా తీసింది. జ్యోతి చేతులు వెనక్కి దాచుకుంది.

"వద్దక్కా. నాకు బుగులైతాంది. గాళ్ళు పట్టుకుంటె నువ్వు గూడ పోతవ్."

"కడుపులో నొప్పి పెట్టుకుని ఎన్నాళ్ళుంటావే? ముట్టాగి రెండేళ్ళయిందని సెప్పు. నా లెక్క అదే. మిగతాది ఇది సూసుకుంటాది," అని నన్ను చూపించింది.

నేను తోడు వెళ్ళాను. స్కానింగు గది బయట కూర్చుని ఉండగా యూనిఫాంలో ఒక పోలీసాయన లోపలికి వచ్చాడు. జ్యోతి గోళ్ళు నా అరచేతిలో దిగబడ్డాయి. ఆయన నడుం పట్టుకుని మెల్లగా వచ్చి మా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు, పాపం నొప్పితో. ఆయన పేరు పిలిచేదాకా మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నామో లేదో నాకు తెలియదు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు, మందులు రాశారు. జ్యోతికి తగ్గింది. నెల తిరక్కుండానే అక్క నన్ను చీర వెనక్కి పిలిచింది.

అప్పటిదాకా అక్కడ పిలిపించుకున్నది మేము. ఈసారి చీర వెనక భయపడుతూ కూర్చున్నది ఆవిడ. నా మణికట్టు పట్టుకుంది.

"మల్లీ కనిపించిందే," అంది. "రెండేళ్ళ తర్వాత. మూడ్రోజుల్నించి."

నాకు అర్థం కాలేదు. ముట్టు ఆగిన ఆడదానికి మళ్ళీ కనిపిస్తే అది ఊరికే రాదని ఆవిడే చెప్పింది, ఊళ్ళో ఎన్నో ఇళ్ళ అరుగుల మీద చెప్పిన మాటే. కాన్సర్ అనే మాట ఆవిడ నోటితో అనదు. పెద్దజబ్బు అంటుంది, అదీ గొంతు తగ్గించి. ఆ రోజు అది కూడా అనలేదు. "నువ్వు తోడు రా," అంది. మా అందరినీ తోలుకుపోయిన మనిషి నన్ను తోడు రమ్మనడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అదే క్లినిక్. డాక్టరమ్మ హైదరాబాదావిడ, జ్యోతిని చూసిన డాక్టరు కాదు. అక్క చెప్పింది విని, కంప్యూటర్ వైపు తిరిగి, తేలికపడ్డట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

"మొన్ననే స్కాన్ అయింది కదమ్మా మీది. గర్భసంచి అంతా సాఫ్‌గా ఉంది. ఇంత తొందరగా ఇంకో స్కాన్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోరు. గోలీలు ఇస్తాను, ఫికర్ చేయకండి."

నేను అక్క వంక చూశాను. అక్క నేల వంక చూస్తోంది. ఆ సాఫ్‌గా ఉన్న గర్భసంచి జ్యోతిది. ఆ మాట అంటే జ్యోతి దొరికిపోతుంది, అక్క ఉద్యోగం పోతుంది, నేనూ ఉంటానో లేదో. అనకపోతే అక్క కడుపులో ఏముందో ఎవరూ చూడరు. అక్క చీటీ తీసుకుని లేచింది. "ఆయ్, అలాగేనండి," అంది.

రోలా పార్కులో సిమెంటు బల్ల మీద కూలబడ్డాం. అజ్మాన్‌లో ఎక్కడైనా చేతి డబ్బులతో చూపిద్దామన్నాను.

"స్కానుతో ఆగే యవ్వారం కాదే ఇది. ముక్క తియ్యాలంటారు. పెద్దాస్పత్రికి పంపుతారు. అక్కడ పాతవన్నీ తిరగేసి, ఇదెవరిదని అడుగుతారు."

"అయితే ఊరెళ్ళిపో. అక్కడ కార్డుంది కదా."

"నేనెలిపోతే జ్యోతినెవరుంచుకుంటారు? నువ్వుంచుకుంటావా?"

ఉంచుకుంటానని అనాలనే ఉంది. మాట పైకి రాలేదు. నా భయం సంగతి ఆవిడకి తెలుసు, అందుకే రెట్టించలేదు. "జ్యోతికి తెలియనివ్వకు," అని మాత్రం ఒట్టు వేయించుకుంది.

ఆ ఎండాకాలం నాకు సరిగా నిద్ర లేదు. అక్క మాత్రలు వేసుకుంటూ, రోజూ బస్సులో ఖుసైస్ వెళ్ళి పసిపిల్లల ముక్కులు తుడిచి వచ్చేది. జాకెట్లు వదులయ్యాయి. డైటింగా అక్కా అని అడిగితే అవునే, సినిమాల్లో ఏషాలెయ్యాలి అనేది. జ్యోతి ఏమీ ఎరగకుండా ఆవిడ కాళ్ళు పట్టేది. నాకు జ్యోతిని చూస్తే ఒళ్ళు మండేది, ఏ తప్పూ లేని మనిషి మీద అంత కోపం. కాలింగ్ బెల్ మోగితే పోలీసులనుకునేదాన్ని. మోగకపోతే అక్కకేదో అయిందనుకునేదాన్ని.

ఎండలు తగ్గుముఖం పట్టాక సర్కారు ఆమ్ మాఫీ ప్రకటించింది. వీసా లేనివాళ్ళు జరిమానా, కేసు లేకుండా దేశం వదిలి వెళ్ళొచ్చని. జ్యోతి నమ్మలేదు. పిలిచి జైల్లో పెడతరట అంది. మాఫీ కాగితాలిచ్చే సెంటర్ గేటు ముందు ఆగిపోతే, అక్క వెనక నిలబడి రెండు అరచేతులూ ఆమె వీపు మీద పెట్టింది.

"నడుత్తా బయపడవే," అంది. ఆ గొంతులో బలం లేదు. జ్యోతి ఆ సంగతి కనిపెట్టలేదు, తన భయంలో తానుంది.

కాగితాలు చేతికొచ్చాయి. విమానం ఎక్కింది. మర్నాడు ఫోన్లో జ్యోతి గొంతు వినిపించింది. "అక్కా, ఇంటికొచ్చిన. పిల్లలు నన్ను ఇడుస్తలేరు." అక్క ఫోన్ పెట్టేసి చీర కొంగు సర్దుకుంది.

"ఖలాస్," అంది. "ఇంక నా సంగతి సూడు. డాక్టరమ్మ కాడికి ఎల్దాం."

అదే గది, అదే డాక్టరమ్మ. అక్క కూర్చోలేదు.

"ఆ స్కాను నాది కాదండి," అంది.

కీబోర్డు మీద డాక్టరమ్మ వేళ్ళు ఆగిపోయాయి. "ఎవరిది?"

"ఆవిడిప్పుడీ దేశంలో లేదండి. అది మాత్రం అడక్కండి."

డాక్టరమ్మ చెయ్యి టేబుల్ మీద ఫోన్ పక్కనే ఉంది. నేను ఆ చేతినే చూస్తున్నాను. అది ఫోన్ మీదికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు.

"ఇది ఎంత పెద్ద నేరమో తెలుసా అమ్మా? ఎందుకు చేశారు?"

"మా ఊళ్ళో ఇంటిల్లిపాదికీ ఒకటే కార్డండి. నేనే పంచేదాన్ని. ఇక్కడా అంతేలే అనుకున్నాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "కార్డు ఒకటే అమ్మా. కానీ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పేర్లూ దాని మీద ఉంటాయి. ఎవరి జబ్బు వాళ్ళ పేరు మీదే రాస్తారు. మీకు తెలియనిదా?"

అక్కకి తెలియనిదేం కాదు. ఆ పేర్లన్నీ గుమ్మాల్లో నిలబడి చదివి వినిపించిన మనిషే. ఆ మాట తనకి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని వెతుక్కుంటున్నట్టు నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ కళ్ళలో నేను అంత భయం చూడలేదు. పోలీసుల భయం కాదది. పోగొట్టుకున్న నెలల భయం.

డాక్టరమ్మ ఫోన్ తీసింది. నర్సుని పిలిచి తలుపు వెయ్యమంది. అక్కని బల్ల మీద పడుకోబెట్టి తనే చూసింది. పెద్దాస్పత్రికి రాసిచ్చింది. కాగితం నాకిస్తూ, "ఆ కార్డు ఇంకెవరి చేతికీ వెళ్ళకూడదు," అని మెల్లగా అంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదని నమ్మడానికి మాకు చాలా కాలం పట్టింది.

పెద్దజబ్బే. అప్పటికే పక్కలకి పాకింది.

అక్క ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోయింది. వెళ్ళే రోజు చీర విప్పి మడతపెట్టుకుంటుంటే మంచం బోసిగా కనిపించింది. ఎవరమూ అటు చూడలేకపోయాం. ఊళ్ళో ఆ ఇంటి కార్డు మీదే కాకినాడలో ఆపరేషన్ అయింది, రేడియేషన్ కరెంటు పెట్టారు. కార్డులో తన పేరు కొడుకు పేరు కింద ఉందని ఫోన్లో చెప్పింది. "సదువుకున్నాను మల్లీ," అంది. అంతే అంది.

తర్వాత షార్జా వీసాలకి కూడా ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. మా సూపర్‌మార్కెట్ వాళ్ళు నాకూ చేయించారు. ఆ సంగతి ఎవరు చేరవేశారో, అక్క ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది.

"నలభై దాటేవు. రొమ్ము పరీచ్చ సేయించుకున్నావా?"

"వెళ్తానక్కా."

"బయమా?"

"బయమే."

నవ్వింది. నవ్వుతో దగ్గొచ్చింది. మిగతా మాట నాకు తెలుసు కాబట్టి ఆవిడ చెప్పనక్కర్లేదు. నేను వెళ్ళలేదు. వచ్చే వారం అనుకుంటూ వచ్చాను. ఎడమ వైపు చంక దగ్గర చేతికేదో తగులుతున్నట్టు ఉండేది, తడుముకుని చెయ్యి తీసేసేదాన్ని. ఆవిడ పోయిందని కొడుకు ఫోన్ చేశాక కూడా మూడు వారాలు అలాగే గడిపాను. పోయిన వారం మాత్రం డ్యూటీ నుంచి తిన్నగా నడిచి వెళ్ళాను. భయపడుతూనే నడిచాను.

కౌంటర్లో అమ్మాయి కార్డు వంక, నా మొహం వంక చూసి పేరు అడిగింది. చెప్పాను.

"డేట్ ఆఫ్ బర్త్?"

"జనవరి ఒకటి," అన్నాను.

ఆ అమ్మాయి స్క్రీన్ చూసి, కార్డు చూసి, తలెత్తింది. "మేడమ్, ఈ కార్డు మీదేనా?"

"నాదే."

"మరి ఇందులో వేరే తారీఖు ఉంది. మీది చెప్పండి."

వెనక లైనులో ఎవరో విసుగ్గా కదిలారు. కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుని ఎంత తడుముకున్నా, నాది నా నోటికి రాలేదు.